ట్రౌటూ, కొర్రమీనూ, మా అపార్ట్‌మెంటు ఎక్సెల్ షీటూ

మొన్న ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి సంచి భుజానేసుకుని లిఫ్టు దిగుతుంటే మా వాచ్‌మన్ "సార్, ఇయ్యాల గూడ ఆ ఈకల గాలమేనా?" అని నవ్వాడు. మొదటిసారి ఆ పొడుగాటి ట్యూబు చూసినప్పుడు డిష్ యాంటెన్నా రాడ్డేమో అనుకున్నాడట పాపం. ఇప్పుడు అపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిపోయింది. "ఫోర్త్ ఫ్లోర్ చేపలాయన" అంటే నేనే. అంతకుముందు నా పేరు "ఎక్సెల్ ఆయన". ఈ రెండు పేర్లకీ మధ్య ఒక సంబంధం ఉంది. ఈ టపా దాని గురించే. కాస్త పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చోండి :)

ముందు ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మన గాలం అందరికీ తెలిసిందే. కర్ర, దారం, బెండు, చిన్న సీసం ముక్క, కొక్కేనికి గుచ్చిన ఎర్ర. సీసం బరువుకి దారం వెళ్ళి నీళ్ళలో పడుతుంది. ఫ్లై ఫిషింగులో ఎర్ర ఉండదు. కొక్కేనికి ఈకలు, దారాలు, బొచ్చు చుట్టి పురుగులాగా తయారు చేస్తారు. దానికి బరువుండదు, అరచేతిలో పెట్టుకుని ఊదితే ఎగిరిపోతుంది. మరి అది ముప్ఫై నలభై అడుగుల దూరం ఎలా వెళుతుందంటారా? బరువంతా దారానిదే. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి దారం. దాన్ని కొరడాలాగా తల మీంచి వెనక్కి వేసి, అది వెనకాల పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి వెయ్యాలి. ఆ ఆగడమే విద్య. మనలాంటి వాళ్ళకి అదే రాదు. లావు దారం చివర కంటికి ఆననంత సన్నటి నైలాను, దాని చివర ఆ ఉత్తుత్తి పురుగు. చేప దాన్ని నిజం పురుగనుకోవాలి. అదన్నమాట సంగతి.

ఈ పిచ్చి నాకు 2023లో అంటుకుంది. కంపెనీ వాళ్ళు ఐదు నెలలకి సియాటెల్ పంపించారు. మా టీములో రిటైర్మెంటుకి దగ్గర పడిన టెస్టింగ్ లీడ్ ఒకాయన ఉండేవాడు. సోమవారం స్టాండప్ మీటింగులో బగ్గుల కంటే ముందు చేపల గురించి మాట్లాడే రకం. ఒక శనివారం నన్ను కారెక్కించుకుని రాటిల్‌స్నేక్ లేక్‌కి తీసుకెళ్ళాడు. సియాటెల్ నుంచి గంట లోపే, నార్త్ బెండ్ అనే ఊరు దాటాక కొండల మధ్య చిన్న చెరువు. మన షామీర్‌పేట పెద్ద చెరువు పక్కన పెడితే కుంట కింద లెక్క.

దానికో కథ ఉంది. అక్కడ పూర్వం మాంక్టన్ అని ఒక ఊరుండేది. పక్క లోయలో సియాటెల్ నగరం వాళ్ళు కట్టిన ఆనకట్ట నుంచి నీళ్ళు భూమి లోపల్నుంచి ఊరి, 1915లో ఆ ఊరు నెమ్మదిగా మునిగిపోయింది. వరద కాదు, రోజూ కొంచెం కొంచెం. ఇప్పటికీ నీళ్ళు తగ్గితే పాత చెట్ల మొద్దులు కనపడతాయి. నేను చూసినప్పుడు నీళ్ళు తగ్గలేదు, అయినా మొద్దులు కనపడ్డాయి. ఎందుకంటే నీళ్ళు అంత తేటగా ఉన్నాయి! ఒడ్డున నిలబడితే అడుగున ఉన్న గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. వాటి మీంచి మూరెడు ట్రౌటు చేప ఒకటి తీరిగ్గా ఈదుకుంటూ వచ్చి, నా ఈకల పురుగు దాకా వెళ్ళి, ఒక్క క్షణం చూసి, పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయినప్పుడు కూడా నాకంత అవమానంగా అనిపించలేదు.

రూల్స్ చూస్తే మతిపోయింది. ముందు లైసెన్సు కొనాలి. ఆ చెరువులో ఎర్రలు వాడకూడదు, కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, పెట్రోలు ఇంజను పడవ దింపకూడదు. ఇక్కడ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ చేపలేవో అనాదిగా అక్కడే ఉన్నవి అనుకోకండి. ప్రభుత్వ మత్స్యశాఖ వాళ్ళు హేచరీలో పెంచి తెచ్చి వదిలే రెయిన్‌బో ట్రౌటే. మన దగ్గర 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో చేపపిల్లల్ని ఉచితంగా వదిలే పథకం పెట్టింది చూడండి, ఆ పద్ధతే. తేడా చేపల్లో లేదు, చేపల్ని వదిలే నీళ్ళలో ఉంది.

ఆ రోజు సాయంత్రం ఒడ్డున శాండ్‌విచ్ తింటూ ఆయన అడిగాడు, "మీ ఊళ్ళో చెరువులున్నాయా?" అని. నాకు నవ్వొచ్చింది. మా హైదరాబాదు అంటేనే చెరువులు, మేముండే అల్వాల్‌లో ఏ కాలనీ వెనక చూసినా ఒక కుంటో చెరువో ఉంటుందని గొప్పగా చెప్పాను. "అయితే మీరు అదృష్టవంతులు, ఏం చేపలు పడతారు?" అన్నాడు. నా నోట మాట రాలేదు. చేపలు పట్టడం మాట దేవుడెరుగు, మేము మా చెరువు వైపు కిటికీలు తీసి పదేళ్ళు దాటిందని ఆయనకి ఎలా చెప్పను?

* * *

నిజానికి నాకు గాలం నేర్పింది అమెరికా వాడు కాదు, మా నాన్న. నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆదివారం పొద్దున్నే సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గరి కుంటకి తీసుకెళ్ళేవారు. వెదురు కర్ర, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, మట్టిలో ఎర్రలు. బెండు మునిగేదాకా మాట్లాడొద్దని రూలు. ఇంట్లో నాన్నతో నేను మాట్లాడకుండా కూర్చుని సంతోషంగా ఉన్నది ఆ గట్టు మీదే. తర్వాత ఎంసెట్ వచ్చింది, మాట్లాడకుండా కూర్చోవడం అలాగే ఉంది, సంతోషం పోయింది :)

పరకలు, జిలేబీలు, ఎప్పుడైనా ఒక మట్టగిడస. ఒకసారి మాత్రం కిలో పైన కొర్రమీను పడింది. నాన్న దాన్ని తడి గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చేసరికి కూడా అది బతికే ఉంది.

ఆ రోజులు ఎలా ముగిశాయో కూడా గుర్తుంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ కొర్రమీను పులుసు పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాన్న ఆగిపోయారు. సబ్బు వాసన. అమ్మ చింతపండు ఎక్కువ వేసినా, మెంతిపొడి వేసినా ఆ వాసన పోలేదు. గిన్నెడు పులుసు పారబోసింది. నాన్న ఒక్క మాట అనకుండా గాలం కర్ర అటక మీద పెట్టేశారు. ఆ కర్ర మేము ఈ ఫ్లాటుకి మారిన 2022లో కూడా సామానుతో పాటు వచ్చింది. మళ్ళీ అటకెక్కింది.

* * *

సియాటెల్ నుంచి వచ్చేటప్పుడు అందరూ ఐఫోన్లు తెస్తే నేను ఫ్లై రాడ్డు తెచ్చాను. ఇక్కడ ట్రౌటు ఎక్కడుంటుంది? దానికి చల్లటి నీళ్ళు కావాలి, 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడిపోతుంది. అందుకే తెల్లదొరలు 1900 ప్రాంతంలో దాన్ని తెచ్చి కాశ్మీరులో పెంచారు, తర్వాత నీలగిరుల్లో పెంచారు గానీ మన వైపు చూడలేదు. (మొన్న 2026 జనవరిలో మన రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో ట్రౌటు పెంచే ఫారం ఒకటి ప్రారంభమైంది. కాకపోతే అది చెరువు కాదు. నీటిని చల్లబరిచి, శుభ్రం చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పే యంత్రాల మధ్య ట్యాంకులు.)

మన చెరువుల్లో గాలం వెయ్యడం చిన్నతనమేమీ కాదండోయ్. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ అనే దొర 1873లో భారతదేశపు గాలం గురించి ఒక పుస్తకం రాసి, అది చాలక 1887లో అచ్చంగా చెరువుల్లో గాలం వెయ్యడం గురించి 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఇంకో పుస్తకం రాశాడు. కాబట్టి ధైర్యం చేసి 2024 డిసెంబరులో ఒక ఆదివారం రాజీవ్ రహదారి పట్టుకుని షామీర్‌పేట వెళ్ళాను. చెరువు ఒడ్డున నిలబడి, యూట్యూబులో చూసినంత స్టైలుగా దారం విసిరి, వెనకాల తుమ్మచెట్టుకి తగిలించాను. అది విడిపించుకుంటూ ఉండగానే ఒక పెద్దాయన పుట్టి లోంచి దిగి వచ్చాడు.

"ఏంది బిడ్డా, పతంగి ఎగరేస్తున్నవా?"

చెప్పాను. నా ఫ్లై చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఈకలకు చేపలు పడ్తయా? మా కోడికి చెప్పాలె, జాగ్రత్తగుండమని" అన్నాడు. తర్వాత కాస్త గట్టిగా, చెరువులో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిదనీ, పిల్లలు వదిలేది, కాపలా కాసేది, పట్టి అమ్ముకునేది సభ్యులేననీ, ఎవరు పడితే వాళ్ళొచ్చి గాలం వేస్తే ఊరుకోరనీ చెప్పాడు. నాకు సిగ్గేసింది. అమెరికాలో లైసెన్సు కొనకుండా ఒడ్డు మీద కాలు పెట్టని వాణ్ణి, ఇక్కడ ఎవరినీ అడగాలని కూడా తోచలేదు. మన చెరువంటే ఎవరిదీ కాదని నా మెదడులో ఎక్కడో డిఫాల్టు వాల్యూ ఉందన్నమాట.

"తప్పయింది కాకా, మీవాళ్ళ నడిగి వస్తా" అన్నాను. ఆయనే సంఘం పెద్దలతో మాట్లాడి, పట్టిన చేప ఏదైనా సంఘానికే ఇచ్చెయ్యాలనే షరతు మీద ఒప్పించాడు. నేనెలాగూ పట్టి వదిలేస్తా కదా అంటే ఆయనకి అర్థం కాలేదు.

"ఇడిచిపెట్టేదానికి పట్టుడెందుకు? దానికి నొప్పి గాదా?"

సియాటెల్‌లో దీని మీద నేను చాలా లెక్చర్లు విన్నాను. కాకాకి ఒక్కటి కూడా చెప్పలేకపోయాను. ఇప్పటికీ నా దగ్గర మంచి జవాబు లేదు.

అలా నాలుగైదు నెలలు నెలకి రెండు ఆదివారాలు వెళ్ళాను. జిలేబీలు చాలా పడ్డాయి. ఈకల పురుగుకి జిలేబీ చేప నిజంగానే వస్తుంది, నమ్మండి. కొర్రమీను మాత్రం పడలేదు. మన రాష్ట్ర చేప కదా, ఆ మాత్రం బెట్టు ఉంటుంది. ఎండాకాలంలో ఆపేసి, వానలు మొదలయ్యాక 2025 జులైలో మళ్ళీ వెళ్ళినప్పుడు గట్టు పక్కన నీళ్ళ మీద ఎర్రగా ఏదో గుంపు కదులుతూ కనపడింది. కొర్రమీను పిల్లలు. వందల్లో ఉన్నాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయని చదివాను. ఏది దగ్గరికొచ్చినా మీద పడి కరుస్తాయి. అంటే ఆ గుంపు మీద ఫ్లై వేస్తే కొర్రమీను గ్యారంటీ. నా చెయ్యి లేచింది కూడా.

"వద్దు బిడ్డా," అన్నాడు కాకా. "అది ఆకలికి రాదు, పిల్లల కోసం వస్తది. దాన్ని గుంజితే ఆ పిల్లలన్నిటిని జిలేబీలు తినేస్తయి. మేం గూడ ఇప్పుడు ముట్టం."

దించేశాను. కాకాకి ఏ రూల్ బుక్కూ అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

ఆ రోజే ఇంకో మాట అడిగాను. "కాకా, అమెరికాలో నీళ్ళు మంచివా కాదా అని ట్రౌటుని చూసి చెప్పేస్తారు. మనకి కొర్రమీను ఉంటే నీళ్ళు మంచివన్నట్టేనా?"

కాకా నవ్వాడు. "కొర్రమీనునడగకు, అది అబద్ధం జెప్తది. బురదలున్నా బతుకుతది, గోనెసంచిలున్నా బతుకుతది. పైకొచ్చి గాలి మింగి పోతది గద. నీళ్ళ సంగతి ఎర్క గావాల్నంటే పరకల నడుగు. అవి నీళ్ళనే పీలుస్తయి."

* * *

ఈ మాట నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. ఇంటికొచ్చి లెక్కలు చూశాను. 10 డిగ్రీల చల్లటి నీళ్ళలో లీటరుకి దాదాపు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో ఏడున్నర. అంటే మన చెరువులకి మొదట్నుంచీ పెట్టుబడి తక్కువ. అందులోకి మురుగు వస్తే, దాన్ని తినే బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్ కాస్తా వాడేసుకుంటుంది. ట్రౌటు లాంటిదైతే వెంటనే వెల్లకిలా తేలి అందరికీ చెప్పేస్తుంది. కొర్రమీను మాత్రం గాలి పీల్చుకుని గడిపేస్తుంది.

మన భాషలో చెప్పాలంటే ట్రౌటు ఎర్రర్ రాగానే క్రాష్ అయ్యే ప్రోగ్రాము. కొర్రమీను ఖాళీ క్యాచ్ బ్లాకు. ఎక్సెప్షన్ వస్తుంది, మింగేస్తుంది, పైకి అంతా బాగానే నడుస్తున్నట్టు కనపడుతుంది. ఏ కోడ్ రివ్యూలోనైనా ముందు దేన్ని తిడతామో మీకు తెలుసు. కొర్రమీనుని తిట్టడం లేదండీ, అది మన ఎండలకీ మన ఎండిపోయే కుంటలకీ సరిగ్గా తయారైన గొప్ప చేప. దాన్ని చూసి "చెరువులో చేపలున్నాయి కాబట్టి చెరువు బాగానే ఉంది" అనుకున్న మన తెలివినే తిడుతున్నా.

ఆగస్టులో వాన వెలిసిన ఒక పొద్దున మా అపార్ట్‌మెంటు వెనక కుంటకి మొదటిసారి రాడ్డుతో వెళ్ళాను. నాన్న నన్ను సైకిలు మీద తీసుకెళ్ళిన కుంట ఇదే. ఫ్లాటు కొన్నప్పుడు బ్రోషర్లో దీన్నే లేక్ వ్యూ అని వేశారు. మురుగు వాసన సంగతి సరే. గట్టు పక్క బురదని పుల్లతో కదిపితే సన్నటి ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతూ బయటికొచ్చాయి. అక్వేరియం షాపుల్లో బ్లడ్ వార్మ్స్ అని అమ్ముతారే, అవి. వాటి ఒంట్లో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ దాదాపు లేని బురదలో కూడా బతుకుతాయి. అవే పెద్దవై సాయంత్రం పూట మన ట్యూబులైట్ల చుట్టూ, కిటికీ మెష్‌ల మీద కుట్టని దోమల్లాగా మూగుతాయి. వింతేమిటంటే రాటిల్‌స్నేక్ లేక్‌లో నేను వాడిన ఫ్లైలలో ఒకటి ఈ జాతి పురుగు బొమ్మే! అక్కడ అది ట్రౌటుకి తిండి. ఇక్కడ దాన్ని తినేవాళ్ళు లేరు.

పరకలు లేవు. అరగంట చూశాను, ఒక్కటీ లేదు. కొర్రమీను మాత్రం ఒకటి పైకొచ్చి గుటుక్కున గాలి మింగి వెళ్ళింది.

గట్టెమ్మట నడిచాను. ఒక చోట పైపు, దాని కింద తెల్లటి నురగ. పైపు ఎక్కడ్నుంచి వస్తోందో చూసుకుంటూ వెనక్కి నడిస్తే మా కాంపౌండు గోడ వచ్చింది. కోపం నషాళానికంటింది. సరాసరి బేస్‌మెంటులో మురుగు శుద్ధి చేసే ఎస్టీపీ రూముకి వెళ్ళి, అక్కడ పనిచేసే కుర్రాణ్ణి పట్టుకుని "ఏంటిది, బ్లోయర్లు ఎందుకు ఆగిపోయున్నాయి?" అని అరిచాను.

అతను బిక్కమొహం వేసి అన్నాడు. "సార్... మీరే గద టైమర్ తగ్గియ్యమన్నరు."

* * *

అవును. నేనే.

2024లో నన్ను అసోసియేషన్ ట్రెజరర్‌ని చేశారు. కుర్రాడు, ఎక్సెల్ తెలుసు, పెళ్ళి కాలేదు, కావలసినంత ఖాళీ అని పెద్దల అభిప్రాయం. కరెంటు బిల్లు తగ్గించమన్నారు. నేను మీటరు రీడింగులన్నీ షీటులోకి ఎక్కించి, పైవట్ టేబుల్ వేసి, రంగుల చార్టు గీసి, అన్నిటికంటే ఎక్కువ కరెంటు తాగుతున్నది ఎస్టీపీలో రెండు బ్లోయర్లని తేల్చాను. రోజుకి 20 గంటలు తిరుగుతున్నాయి. 8 చాలు అన్నాను. ఎందుకు చాలు? ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. నెలకి 22 వేలు మిగిలాయి. ఉన్న 72 ఫ్లాట్లకీ మెయింటెనెన్సు 300 చొప్పున తగ్గింది. జనరల్ బాడీ మీటింగులో చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. ఆ ఫొటో ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపులో ఉంది.

బ్లోయరు చేసే పని ఒకటే, మురుగు ట్యాంకు అడుగు నుంచి గాలి ఊదడం. ఆ గాలితోనే మంచి బ్యాక్టీరియా బతికి మురుగుని తినేస్తుంది. గాలి ఆపితే అది చచ్చిపోతుంది. ట్యాంకు కంపు కొడుతుంది, నల్లటి నీళ్ళు ఉన్నదున్నట్టుగా బయటికి పోతాయి. అంటే నేను ఆపింది కరెంటు కాదు, గాలి. నాన్న పులుసులో సబ్బు వాసన ఎవరు కలిపారో అని పదిహేనేళ్ళు తిట్టుకున్నాను. అప్పుడు ఎవరు కలిపారో తెలియదు గానీ, ఇప్పుడు కలుపుతున్న వాళ్ళలో ఒకడు మాత్రం శాలువా కప్పుకుని ఉన్నాడు.

ఇలాంటప్పుడు బిల్డర్ని తిట్టొచ్చు, అధికారుల్ని తిట్టొచ్చు. 2024లో హైడ్రా వచ్చినప్పట్నుంచీ మా గ్రూపులో చెరువుల మీద రోజూ చర్చే. ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ, బఫర్ జోన్ ఎక్కడ, ఎవరి ఇల్లు ఎంత లోపలికుంది, ఎవరి రేటు ఎంత పడిపోయింది. గట్టు ఎక్కడుందో అందరికీ కావాలి. గట్టు లోపల నీళ్ళలో ఏముందో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. నేను కూడా.

సెప్టెంబరులో మీటింగు పెట్టించాను. తప్పు నాదేనని చెప్పి, బ్లోయర్లు మళ్ళీ 20 గంటలు నడపాలనీ, పాడైన గాలి గొట్టాలూ డిఫ్యూజర్లూ మార్చడానికి ఫ్లాటుకి ఒకసారికి 4 వేలూ, నెలకి పాత 300 తిరిగి కట్టాలనీ అన్నాను. ఒకాయన లేచి, "నీ చేపల హాబీకి మేమెందుకయ్యా డబ్బు కట్టాలి?" అన్నారు. ఇంకొకావిడ, "పక్క కాలనీలన్నీ వదులుతున్నాయి కదా బాబూ, మన ఒక్కళ్ళం ఆపితే కుంట బాగుపడుతుందా?" అన్నారు. ఆవిడ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, పడదు. అదే చెప్పాను. "పడదు ఆంటీ. కానీ మన పైపు దగ్గర మాత్రం మన తప్పు ఉండదు" అన్నాను. అంత గొప్ప వాదనేమీ కాదని నాకూ తెలుసు. వచ్చింది 38 మంది. 21 చేతులు లేచాయి. నాలుగు ఓట్లు పడాల్సిన చోట పడ్డాయి కాబట్టి సరిపోయింది. ఇప్పటికీ ఇద్దరు నాతో లిఫ్టులో మాట్లాడరు. ట్రెజరర్ పదవి నేనే వదిలేశాను.

సియాటెల్ ఆయనకి మెయిల్ రాశాను ఈ కథంతా. వాళ్ళ ఊళ్ళో నీళ్ళు తేటగా ఉన్నాయంటే అక్కడి మనుషులు మనకంటే మంచివాళ్ళని నేననుకోను. వాళ్ళకి నీళ్ళలోకి చూసే అలవాటుంది. లైసెన్సు కొన్న ప్రతివాడికీ ఆ చెరువులో ఒక పని ఉంది. చేప పడకపోతే ఎందుకు పడలేదో అడుగుతాడు. మనకి సంఘం సభ్యులు తప్ప ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు, వాళ్ళు అడిగితే వినేవాళ్ళు లేరు. షామీర్‌పేటలో ఆ కాకాకి తెలిసింది నాకు ఇంజనీరింగ్ డిగ్రీతో తెలియలేదు. కారణం ఒకటే, ఆయన రోజూ నీళ్ళని చూస్తాడు. నేను డాష్‌బోర్డు చూస్తాను, అందులో నీళ్ళకి కాలమ్ లేదు.

ఇప్పుడు మా పైపులోంచి వచ్చే నీళ్ళు తేటగా ఉన్నాయి. గ్లాసులో పట్టి చూశాను, వాసన లేదు. నురగ పోయింది. కుంట మాత్రం అలాగే ఉంది, అవతలి ఒడ్డున ఇంకా మూడు పైపులున్నాయి. వాటిలో ఒకదాని వెనకున్న అపార్ట్‌మెంటు వాళ్ళు నన్ను వచ్చి మాట్లాడమన్నారు. ఎక్సెల్ షీటు తీసుకెళ్తున్నా, ఈసారి కొత్త కాలమ్‌తో :)

ఒక రోజు నాన్నని బలవంతాన గట్టు దాకా తీసుకెళ్ళాను. అటక మీది వెదురు కర్ర కూడా దించి తుడిచి పెట్టాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నీళ్ళ వైపు చూశారు.

"పరకలు కనపడ్డయారా?"

"ఇంకా లేదు నాన్నా."

"కనపడ్డప్పుడు చెప్పు, అప్పుడొస్త" అని ఇంటికి నడిచారు.

అందుకే ఆదివారాలు వెళుతున్నాను. రాడ్డు తీసుకెళతాను గానీ చాలాసార్లు సంచి విప్పను. మా పైపు పక్కనే కూర్చుని, సన్నటి చేపపిల్లలేమైనా కదులుతాయేమోనని చూస్తుంటాను.

ఇక మీకో ప్రశ్న. మీలో చాలామంది నాలాగే లోన్ పెట్టి ఫ్లాటు కొన్నవాళ్ళే అయ్యుంటారు. మీ అపార్ట్‌మెంటు ఎస్టీపీలో బ్లోయర్లు రోజుకి ఎన్ని గంటలు తిరుగుతున్నాయి? ఒక్కసారి బేస్‌మెంటుకి దిగి ఆ కుర్రాణ్ణి అడగండి. అరవకుండా అడగండి, ఎందుకైనా మంచిది.